ఆ ‘10’ పదా, పదహారా? ఫోన్ కెర్నల్ లాగ్‌లో రెండు అక్షరాలు ఎగ్గొడితే మనకు పడే బిల్లు

పోయిన ఎండాకాలం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, ఛార్జింగ్ పెడితే రెండు నిమిషాలు ఎక్కుతోంది, ఆగిపోతోంది, మళ్లీ ఎక్కుతోంది. రాత్రంతా పెట్టినా 40 శాతం దాటట్లేదు” అన్నాడు. రెండేళ్ల పాత ఫోన్. వారంటీ అయిపోయింది. ఇంట్లో గాడ్జెట్ల మీద రాసేవాడు ఒకడున్నాక సర్వీస్ సెంటర్‌కి ఎందుకు వెళ్తారు? నన్నే అడిగాడు.

డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి బగ్ రిపోర్ట్ తీసి పంపమన్నాను. జిప్ ఫైల్ వచ్చింది. అందులో కెర్నల్ లాగ్ వెతికితే ఒకే లైన్ ప్రతి రెండు మూడు నిమిషాలకోసారి కనిపిస్తోంది: “ఛార్జర్ ఫాల్ట్ రిజిస్టర్: 10”. అంతే. ఇంకేం లేదు.

ఛార్జర్ చిప్ పేరు అదే లాగ్‌లో పైన దొరికింది. దాని డేటాషీట్ నెట్‌లో ఉంది. ఫాల్ట్ రిజిస్టర్‌లో ఎనిమిది బిట్లు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. పది అంటే ఎనిమిది ప్లస్ రెండు. కుడి నుంచి సున్నాతో లెక్కపెడితే మూడో బిట్ ఆన్, ఒకటో బిట్ ఆన్. డేటాషీట్ ప్రకారం మూడో బిట్ అంటే బ్యాటరీ ఓల్టేజ్ హద్దు దాటింది. చివరి మూడు బిట్లలో రెండు అనే విలువ ఉంటే బ్యాటరీ వేడెక్కింది. ఎండాకాలం, పాత ఫోన్, వేడెక్కిన బ్యాటరీ. కథ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. “బ్యాటరీ పోయిందిరా, మార్పించెయ్” అన్నాను. 1,400 రూపాయలు పెట్టి మార్పించాడు.

మూడో రోజు మళ్లీ అదే సమస్య. లాగ్‌లో మళ్లీ అదే లైన్, అదే 10.

ఈసారి నాకు ఫోన్ చేసే ముందు వాడే లాగ్ మొత్తం చదివాడు. అదే డ్రైవర్ రాసిన ఇంకో లైన్ పట్టుకున్నాడు: “స్టేటస్ రిజిస్టర్: 0సీ”. “అన్నయ్యా, అంకెల మధ్యలో సీ అక్షరం ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది హెక్స్ కదా?” అన్నాడు. నాకు గొంతులో వెలక్కాయ పడింది. స్టేటస్ హెక్స్‌లో రాస్తే ఫాల్ట్ కూడా హెక్స్‌లోనే రాసి ఉంటారు. కంపెనీ విడుదల చేసిన కెర్నల్ సోర్స్ కోడ్ తెరిచి చూశాం. నిజమే. రెండు లైన్లూ హెక్స్‌లోనే ప్రింట్ చేస్తున్నారు, అది హెక్స్ అని మాత్రం ఎక్కడా చెప్పట్లేదు.

హెక్స్‌లో 10 అంటే మన లెక్కలో పదహారు. అంటే నాలుగో బిట్ ఒక్కటే ఆన్. డేటాషీట్‌లో దాని అర్థం: బయటి నుంచి వచ్చే కరెంట్ సరిగా లేదు. బ్యాటరీకి దీనితో సంబంధమే లేదు. 300 రూపాయలు పెట్టి కొత్త కేబుల్ కొన్నాడు. ఫోన్ మామూలైపోయింది. పాత బ్యాటరీ మాత్రం అప్పటికే చెత్తబుట్టలోకి వెళ్లిపోయింది.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ముందే లాగ్ అంతా చదవాల్సింది. కానీ ఆ డ్రైవర్ రాసిన ఇంజనీర్ ఇంకో రెండే రెండు అక్షరాలు కొట్టి ఉంటే ఈ తప్పు జరిగే ఛాన్సే లేదు. నేను ఇవాళ చెప్పాలనుకుంటున్నది ఒక్కటే: ఏ లెక్కలో ఉందో చెప్పని అంకె సమాచారం కాదు, పొడుపు కథ. ఫోన్ కంపెనీలు మన ఫోన్లలో ఇలాంటి పొడుపు కథలు రాయడం మానేయాలి.

అసలు హెక్స్ ఎందుకు?

హెక్స్ అనేదే అనవసరం, మామూలు అంకెలు వాడొచ్చు కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. హెక్స్ కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే రిజిస్టర్ అనేది నిజానికి అంకె కాదు. అదొక స్విచ్ బోర్డు.

ఇంట్లో ఎనిమిది స్విచ్‌ల బోర్డు ఊహించుకోండి. ఏ ఫ్యాన్ తిరుగుతోంది, ఏ లైట్ వెలుగుతోంది అన్నది ఒక్కో స్విచ్ చెబుతుంది. ఆ బోర్డును నాలుగు నాలుగుగా రెండు ముక్కలు చేస్తే, ఒక్కో ముక్కలో పదహారు రకాల అమరికలు సాధ్యం. హెక్స్‌లో ఒక్కో అంకె కూడా పదహారు రకాలు: 0 నుంచి 9, తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. అంటే ఒక హెక్స్ అంకె చూస్తే నాలుగు స్విచ్‌లు కనబడినట్టే. రెండు అంకెలు చూస్తే బోర్డు మొత్తం కనబడుతుంది. 10 అని ఉంటే ఎడమ ముక్కలో ఒక స్విచ్ ఆన్, కుడి ముక్క మొత్తం ఆఫ్. కాయితం, కాలిక్యులేటర్ అక్కర్లేదు. అదే పదహారు అని మామూలుగా రాస్తే మళ్లీ భాగాహారాలు చేసుకోవాలి.

కాబట్టి గొడవ హెక్స్‌తో కాదు, గుర్తు లేని హెక్స్‌తో. సీ భాషలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది: హెక్స్ అంకె ముందు సున్నా, పక్కన ఎక్స్ పెట్టాలి. అంటే 0ఎక్స్10. ఆ రెండు అక్షరాలు చూడగానే చదివేవాడికి సందేహం ఉండదు. ఏ, బీ, సీ లాంటి అక్షరం వచ్చినప్పుడు హెక్స్ తనంతట తానే బయటపడుతుంది, నిజమే. కానీ 10, 24, 38, 40, 80 లాంటివి వచ్చినప్పుడు? రెండు లెక్కల్లోనూ చెల్లే అంకెలివి. పైగా రిజిస్టర్లలో ఒకే బిట్ ఆన్ అయినప్పుడు వచ్చేవి సరిగ్గా ఇవే: 1, 2, 4, 8, 10, 20, 40, 80. ఒక్కదాంట్లోనూ అక్షరం లేదు. ఒకే ఒక్క లోపం వచ్చిన ఫోన్‌లో, అంటే రిపేర్‌కి బాగా అవకాశం ఉన్న ఫోన్‌లో, అంకె మనల్ని మోసం చేసే అవకాశం అన్నిటికంటే ఎక్కువ.

కెర్నల్‌లో ఏర్పాట్లు ఎప్పుడో ఉన్నాయి

మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి కింద ఉండేది లైనక్స్ కెర్నల్. అందులో మెసేజ్ రాయడానికి వాడే ఫంక్షన్ పేరు ప్రింట్‌కే. అంకె ఎక్కడ రావాలో, ఏ రూపంలో రావాలో పర్సెంట్ గుర్తుతో చెబుతారు. %డీ అంటే మామూలు లెక్క, %ఎక్స్ అంటే హెక్స్. ఉత్త %ఎక్స్ రాస్తే ముందు 0ఎక్స్ రాదు. మా తమ్ముడి ఫోన్‌లో జరిగింది అదే. పర్సెంట్‌కీ ఎక్స్‌కీ మధ్య హ్యాష్ గుర్తు పెడితే, అంటే %#ఎక్స్ అంటే, 0ఎక్స్ తనంతట తానే వస్తుంది. లేదంటే 0ఎక్స్ అని చేత్తో రాసి, పక్కన %02ఎక్స్ పెడితే ఎప్పుడూ రెండు అంకెలు కనబడతాయి. ఎనిమిది బిట్ల రిజిస్టర్‌కి రెండు అంకెలు, పదహారు బిట్లకి నాలుగు, ముప్ఫై రెండు బిట్లకి ఎనిమిది. సున్నాలతో నింపి వెడల్పు సమానంగా ఉంచితే లాగ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి పోల్చుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పడే ఒక గుంట ఉంది. %#08ఎక్స్ అని రాస్తే ఎనిమిది అంకెలు వస్తాయనుకుంటారు. రావు. ఆ ఎనిమిదిలో 0ఎక్స్ కూడా కలిసే లెక్క, కాబట్టి అంకెలకు మిగిలేది ఆరు స్థానాలే. విలువ పెద్దదైతే వరుస తప్పుతుంది. ఎనిమిది అంకెలు కావాలంటే %#010ఎక్స్ అని రాయాలి. చిన్న విషయమే, కానీ అర్ధరాత్రి లాగ్ చదివేవాడికి చిన్న విషయం కాదు.

ఇంతకంటే ఘోరమైన తప్పు ఇంకోటి ఉంది. ముందు 0ఎక్స్ అని రాసేసి, పక్కన %ఎక్స్ బదులు %డీ పెట్టడం. అప్పుడు అంకె పది లెక్కలో ఉంటుంది, వేషం మాత్రం హెక్స్‌ది. 0ఎక్స్10 అని కనబడుతుంది, అసలు విలువ పది. గుర్తు లేకపోతే కనీసం అనుమానం వస్తుంది. తప్పుడు గుర్తు ఉంటే నమ్మేస్తాం. ఇది ఎవరో అరుదుగా చేసే పొరపాటు అనుకోకండి. కెర్నల్‌తో పాటు వచ్చే చెక్‌ప్యాచ్ అనే తనిఖీ స్క్రిప్ట్‌లో దీని కోసమే ప్రత్యేకంగా ఒక రూల్ పెట్టారు. కోడ్‌లో ఇలాంటి లైన్ కనబడితే అది హెచ్చరిక కాదు, ఎర్రర్ అనే చెబుతుంది. రూల్ రాయాల్సి వచ్చిందంటే ఆ తప్పు ఎన్నిసార్లు దొర్లి ఉండాలి?

రిజిస్టర్లు వరుసగా చూపించాలన్నా దారి ఉంది. %*పీహెచ్ అనే రూపం 64 బైట్ల దాకా హెక్స్‌లో, మధ్యలో ఖాళీ వదిలి, ఒక లైన్‌లో చక్కగా ప్రింట్ చేస్తుంది. అంతకంటే పెద్దవాటికి హెక్స్ డంప్ ఫంక్షన్ వేరే ఉంది. అంటే పనిముట్లన్నీ పెట్టెలో ఉన్నాయి. పెట్టె తెరవడానికే బద్ధకం.

అన్నీ హెక్స్ చేయకండి, బాబూ

హెక్స్ మీద ప్రేమ ఎక్కువై అన్నీ హెక్స్‌లోనే రాసేవాళ్లు ఇంకో రకం. వాళ్లతోనూ నాకు పేచీయే.

మెమరీ కార్డ్ ఎక్కకపోతే లైనక్స్ లాగ్‌లో తరచూ కనబడే మెసేజ్ ఒకటుంది: ఎంఎంసీ0 దగ్గర ఎస్‌డీ కార్డ్ మొదలుపెడుతుంటే ఎర్రర్ -110 వచ్చింది అని. మైనస్ 110 అంటే టైమ్ అవుట్, కార్డ్ నుంచి జవాబు రాలేదు. ఈ -110ని అలాగే సెర్చ్ చేస్తే నిమిషంలో అర్థం దొరుకుతుంది. ఇదే విలువను హెక్స్‌లో ప్రింట్ చేస్తే ఏమొస్తుందో తెలుసా? ఆరు ఎఫ్‌లు, పక్కన 92. చూసినవాడికి అదేదో మెమరీ అడ్రస్‌లా ఉంటుంది. పాపం మైనస్ గుర్తు ఎఫ్‌ల కింద సమాధి అయిపోతుంది. ఎర్రర్ కోడ్ మామూలు లెక్కలోనే ఉండాలి. ఇంకా మంచిది, పేరుతో ఉండాలి. 2020 జనవరిలో వచ్చిన లైనక్స్ 5.5 నుంచి %పీఈ అనే రూపం ఉంది. ఆ సౌకర్యం ఆన్ చేసి ఉంటే ఎర్రర్ పాయింటర్‌ని నంబర్ బదులు పేరుతోనే చూపిస్తుంది.

ఓల్టేజ్, కరెంట్, టెంపరేచర్ కూడా అంతే. ఇవి కొలతలు, స్విచ్‌లు కాదు. లైనక్స్ పవర్ సప్లై విభాగంలో ఓల్టేజ్ మైక్రోవోల్టుల్లో, బ్యాటరీ టెంపరేచర్ డిగ్రీలో పదో వంతుల్లో ఉంటుంది. 412 అంటే 41.2 డిగ్రీలు. మన రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఫోన్ చేతిలో పట్టుకుంటే రావడానికి ఆశ్చర్యం లేని నంబర్. దీన్ని హెక్స్‌లో 19సీ అని రాస్తే ఎవరికి లాభం?

రూల్ చాలా సింపుల్. బిట్లయితే హెక్స్, కొలతలైతే మామూలు లెక్క, ఎర్రర్ అయితే పేరు. ఎక్కడ హెక్స్ ఉన్నా ముందు 0ఎక్స్.

పాత సంప్రదాయాలను ఏం చేద్దాం?

“అసలు కెర్నలే కొన్నిచోట్ల 0ఎక్స్ రాయదు కదా” అని తెలిసినవాళ్లు అడగొచ్చు. నిజమే. పెన్‌డ్రైవ్ ఓటీజీ కేబుల్‌తో పెట్టి చూడండి. కొత్త యూఎస్‌బీ డివైస్ దొరికింది, వెండర్ ఐడీ 0781, ప్రొడక్ట్ ఐడీ 5567 అని వస్తుంది. ఇది శాన్‌డిస్క్ క్రూజర్ బ్లేడ్. అందులో ఒక్క అక్షరం లేదు, 0ఎక్స్ లేదు, కానీ రెండూ హెక్సే. మన లెక్కలో ఆ 0781 అంటే 1921.

టచ్ కంట్రోలర్ల సంగతీ అంతే. ఫోకల్‌టెక్ టచ్ చిప్‌లు చాలావాటికి ఐ2సీ అడ్రస్ హెక్స్‌లో 38. లైనక్స్ దాన్ని బస్ నంబర్‌తో కలిపి 1-0038 లాగా చూపిస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని డేటాషీట్లు ఇదే అడ్రస్‌ని చివర రీడ్-రైట్ బిట్ కలిపి రాస్తాయి. అప్పుడు అది హెక్స్‌లో 70 అవుతుంది. 38 అన్నా 70 అన్నా ఒకే చిప్! బయట డిస్‌ప్లే మార్పించాక టచ్ పనిచేయని ఫోన్‌లో ఈ లైన్ చూసేవాడికి, 38 హెక్సా కాదా అన్నదే తెలియకపోతే 70 లెక్క ఎలా తేలుతుంది?

అయినా వీటిని మార్చమని నేను అనను. ఎందుకంటే ఇవి దశాబ్దాలుగా ఒకే రూపంలో ఉన్నాయి, అన్ని కంప్యూటర్లలో ఒకేలా ఉన్నాయి, వీటిని చదివే టూల్స్ ఎన్నో ఉన్నాయి. నాలుగంకెల వెడల్పు ఎప్పుడూ మారదు. నెట్‌లో వెతికితే తెలిసిపోతుంది. ఒక ఊరంతా ఒకే వంకర దారిలో నడిస్తే అది రోడ్డే. కానీ ఒక కంపెనీ, ఒక మోడల్ కోసం, ఒక ఇంజనీర్ రాసిన ఛార్జర్ డ్రైవర్‌కి ఆ గౌరవం ఎక్కడిది? దాన్ని ఎవరు నేర్చుకుంటారు, ఎక్కడ వెతుకుతారు?

దాచాల్సినవి దాచండి, అది వేరే సంగతి

నేను అన్నీ బయటపెట్టమని అడగట్లేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే కెర్నల్ లాగ్‌లో కొన్ని హెక్స్ నంబర్లు కావాలనే మారువేషంలో ఉంటాయి. అది మన మంచికే.

కెర్నల్ మెమరీలో ఏది ఎక్కడ ఉందో దొంగకి తెలిస్తే దాడి సులువవుతుంది. అందుకే ఫోన్ బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్‌ని వేరే అడ్రస్‌లో కూర్చోబెట్టే పద్ధతి వచ్చింది. 64 బిట్ ఏఆర్ఎమ్ ప్రాసెసర్లకు అది 2016లో లైనక్స్ 4.6తో వచ్చింది. కానీ ఇల్లు మారి, కొత్త అడ్రస్ గేటు మీద బోర్డు పెడితే ఏం లాభం? డ్రైవర్లు డీబగ్ మెసేజ్‌ల్లో అసలు అడ్రస్‌లు ప్రింట్ చేస్తూ ఉంటే ఆ రక్షణ దండగ. అందుకని 2018 జనవరిలో వచ్చిన లైనక్స్ 4.15 నుంచి %పీ రాస్తే అసలు అడ్రస్ బదులు దాన్ని హ్యాష్ చేసిన విలువ వస్తుంది. 64 బిట్ ఫోన్‌లో పదహారు అంకెలు, మొదటి ఎనిమిదీ సున్నాలే.

దీని మీద అప్పట్లో డెవలపర్లు చాలామంది విసుక్కున్నారు. నాకైతే ఇది మంచి డిజైన్‌కి ఉదాహరణ. ఒక బూట్‌లో ఒకే అడ్రస్‌కి ఎప్పుడూ అదే హ్యాష్ వస్తుంది. కాబట్టి “ఈ లైన్‌లో ఉన్నదీ ఆ లైన్‌లో ఉన్నదీ ఒకటేనా” అని పోల్చుకోవచ్చు. డీబగ్‌కి ఎక్కువసార్లు కావాల్సింది అదే. నిజంగా అసలు అడ్రస్ తప్పనిసరైతే %పీఎక్స్ ఉంది. అది కోడ్‌లో వెతికితే ఇట్టే దొరుకుతుంది, కాబట్టి రివ్యూ చేసేవాళ్లు ఎందుకు వాడావని అడగొచ్చు. టెస్టింగ్ కోసం 2021లో వచ్చిన లైనక్స్ 5.12 నుంచి హ్యాషింగ్ ఆపే బూట్ ఆప్షన్ కూడా ఇచ్చారు. అది పెడితే లాగ్‌లో పెద్ద హెచ్చరిక బోర్డు వస్తుంది.

ఇక్కడ తేడా గమనించండి. %పీ దాస్తుంది, కానీ రూల్ ప్రకారం, రాతపూర్వకంగా, అందరికీ తెలిసేలా దాస్తుంది. మా తమ్ముడి ఫోన్ డ్రైవర్ దాచలేదు, తికమక పెట్టింది. దాచడం భద్రత కోసం. తికమక నిర్లక్ష్యం వల్ల. ఛార్జర్ ఫాల్ట్ రిజిస్టర్ ఏ దొంగకీ పనికిరాదు, రిపేర్ చేసేవాడికి మాత్రం ప్రాణం.

“ఇవన్నీ ఎవరు చదువుతారు?”

కంపెనీల వైపు నుంచి వచ్చే మొదటి జవాబు ఇదే. లాగ్ మా ఇంజనీర్ల కోసం, వాళ్లకు తెలుసు అంటారు. నాకు తెలిసి చదివేవాళ్లు చాలామందే. కస్టమ్ రామ్ తయారుచేసే కుర్రాళ్లు చదువుతారు. మదర్‌బోర్డ్ లెవల్ రిపేర్ చేసే షాపులవాళ్లు చదువుతారు. బీటెక్ చదువుతూ సొంత ఫోన్ మీద ప్రయోగాలు చేసే మా తమ్ముడి లాంటివాళ్లు చదువుతారు. కంపెనీలో కూడా రెండేళ్ల తర్వాత ఆ డ్రైవర్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ ఇవ్వాల్సింది రాసినవాడు కాదు, కొత్తగా చేరినవాడు. రాసినవాడికి తెలిసింది అతనికెలా తెలుస్తుంది? తనకే ఆర్నెల్ల తర్వాత గుర్తుంటుందా?

రెండో జవాబు: లాగ్ బఫర్‌లో చోటు తక్కువ, ప్రతి అక్షరానికీ ఖర్చు. నిజంగా చోటు మీద అంత బెంగ ఉంటే, అదే లాగ్‌లో ఫంక్షన్‌లోకి వచ్చాను, ఫంక్షన్ నుంచి బయటికెళ్లాను అని ప్రతి సెకనూ రాసే లైన్లు ముందు తీసేయండి. మా తమ్ముడి లాగ్‌లో అలాంటివి లెక్కలేనన్ని. వాటిలో ఒక్క లైన్ తీసేస్తే బోలెడు 0ఎక్స్‌లకు చోటు దొరుకుతుంది.

మూడో జవాబు కొంచెం ఆలోచించాల్సింది: మామూలు యూజర్‌కి హెక్స్ చూపించడమే తప్పు, మంచి భాషలో చెప్పాలి అని. విండోస్ ఈ దారిలో వెళ్లింది. పాత నీలి స్క్రీన్ మీద స్టాప్ కోడ్ 0ఎక్స్ పెట్టి, ఎనిమిది అంకెలు నింపి, పక్కన నాలుగు పారామీటర్లతో సహా వచ్చేది. 2012లో విండోస్ 8 వచ్చాక ఏడుపు మొహం బొమ్మ, ఒక పేరు మిగిలాయి. చూడ్డానికి భయం తగ్గింది, బాగుంది. కానీ పేరు ఒక్కటే ఉంటే లోతుగా చూడాలనుకునేవాడికి చేతులు కట్టేసినట్టు. 0ఎక్స్124 అంటే హార్డ్‌వేర్ ఎర్రర్ అని పాత రిపేర్ షాపులవాళ్లకి నోటికొచ్చు. కానీ ఏ హార్డ్‌వేర్ అన్నది పక్కన ఉన్న పారామీటర్లే చెప్పాలి. నా లెక్కలో పేరూ కావాలి, నంబరూ కావాలి. “ఫాల్ట్ 0ఎక్స్10: ఇన్‌పుట్ సప్లై బాగోలేదు” అని రాస్తే కొత్తవాడికి మాట, పాతవాడికి అంకె. ఇద్దరికీ అన్నం పెట్టినట్టే.

మీ చేతిలో ఉన్నది

కంపెనీలు మారే లోపు, గుర్తు లేని అంకె ఎదురైతే ఏం చేయాలో నా అనుభవంతో చెబుతాను.

ఒకటి, అదే డ్రైవర్ రాసిన మిగతా లైన్లు వెతకండి. ఎక్కడైనా ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం కలిసిన అంకె ఉంటే అనుమానం బలపడినట్టే. అయితే ఒకే డ్రైవర్‌లో కూడా ఒక లైన్ హెక్స్, ఒక లైన్ మామూలు లెక్క ఉండొచ్చు, కాబట్టి అక్కడితో ఆగకండి.

రెండు, ముందు సున్నాలు ఉన్నాయేమో చూడండి. 04, 08, 0010 లాగా వెడల్పు సమానంగా ఉంటే హెక్స్ అయ్యే అవకాశం ఎక్కువ. మైనస్ ఉంటే మామూలు లెక్క.

మూడు, కెర్నల్ సోర్స్ చూడండి. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి ఫోన్ అమ్మిన కంపెనీ ఆ సోర్స్ ఇవ్వాల్సిందే. మెసేజ్‌లోని మాటలను అలాగే అందులో వెతికితే ఆ లైన్ దొరుకుతుంది. పర్సెంట్ పక్కన డీ ఉందో ఎక్స్ ఉందో చూస్తే సందేహం తీరిపోతుంది. ఫోన్ కొనే ముందు ఆ కంపెనీ సోర్స్ సకాలంలో ఇస్తుందా లేదా అని చూసుకోవడం కూడా మంచిదే.

నాలుగు, బగ్ రిపోర్ట్ ఫైల్‌ని ఎవరికి పడితే వాళ్లకి పంపకండి. అందులో కెర్నల్ లాగ్ ఒక్కటే కాదు, మీ యాప్‌లు, నెట్‌వర్క్ వివరాలు చాలా ఉంటాయి. కావాల్సిన లైన్లు మాత్రం కాపీ చేసి పంపండి.

ఐదు, రెండు లెక్కల్లోనూ అర్థం చూడకుండా పార్ట్ మార్పించకండి. 10ని పది అనుకుంటే ఏమిటి, పదహారు అనుకుంటే ఏమిటి అని రెండూ రాసుకోండి. వాటిలో తక్కువ ఖర్చుతో తేలేది ముందు పరీక్షించండి. నేను ఈ పని చేసి ఉంటే ముందు పక్కింటివాళ్ల కేబుల్ పెట్టి చూసేవాణ్ని, పైసా ఖర్చు లేకుండా.

ఇక నా వంతు. ఇకపై ఫోన్ లాంగ్ టర్మ్ రివ్యూ రాసేటప్పుడు కెమెరా, బ్యాటరీతో పాటు కెర్నల్ లాగ్ కూడా ఒకసారి తెరిచి చూస్తాను. అంకెలకు గుర్తు ఉందా, ఎర్రర్లకు పేరు ఉందా, సోర్స్ ఇచ్చారా అన్నది రెండు లైన్లలో రాస్తాను. స్కోర్‌లో అర మార్కు కూడా కాకపోవచ్చు. కానీ ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తాం, రిపేర్‌కి అనువుగా చేశాం అని స్టేజీ మీద చెప్పే కంపెనీలు ఆ మాట ఎంత లోపలిదాకా పాటిస్తున్నాయో ఇలాంటిచోటే తెలుస్తుంది.

మా తమ్ముడు ఆ డ్రైవర్ లైన్‌లో %ఎక్స్ తీసేసి 0ఎక్స్%02ఎక్స్ అని మార్చి, తన ఫోన్‌కి సొంతంగా కెర్నల్ బిల్డ్ చేసుకున్నాడు. అతను కోడ్‌లో మార్చింది ఆ ఒక్క లైనే. “1,400 రూపాయల ప్యాచ్ అన్నయ్యా ఇది” అని స్క్రీన్‌షాట్ పంపాడు. బ్యాటరీ డబ్బులు నేనే ఇచ్చేశాను. తప్పు చదివింది నేనే కదా.